నాణెంలో దొరికిన అంకెలు: గూఢచారులు పెన్సిలుతో రాసే రహస్యలిపి ఎలా పనిచేస్తుంది?

1953 జూన్‌లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పేపర్లు వేసే ఒక కుర్రాడు ఇళ్ళ దగ్గర డబ్బులు వసూలు చేసుకుని మెట్లు దిగుతున్నాడు. చేతిలోని చిల్లరలో ఒక అయిదు సెంట్ల నాణెం మోత తేడాగా వినిపించింది. కింద పడగానే అది రెండు బిళ్ళలుగా విడిపోయింది. మధ్యలో డొల్ల, ఆ డొల్లలో గోరంత ఫోటో. అందులో ఒక్క అక్షరమైనా లేదు. పది నిలువు వరుసల్లో అయిదేసి అంకెల గుంపులు, మొత్తం 207. అమెరికా ఎఫ్‌బీఐ నిపుణులు వాటితో దాదాపు నాలుగేళ్ళు కుస్తీ పట్టినా ఒక్క మాట కూడా బయటపడలేదు.

ఇంత పాత కథ ఇప్పుడెందుకంటే, అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ ప్రకటన వచ్చాక ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తోంది: "క్వాంటమ్ కంప్యూటర్లు వస్తే ఇక ఏ రహస్యమూ దాగదట కదా?" ఆ భయంలో కొంత నిజముంది. ఇంటర్నెట్‌లో మనం వాడే తాళాల్లో కొన్ని, చాలా పెద్ద సంఖ్యను కారణాంకాలుగా విడదీయడం కష్టమన్న నమ్మకం మీదే నిలబడ్డాయి. తగినంత పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ ఉంటే ఆ పని సులువవుతుందని గణితవేత్త పీటర్ షోర్ 1994లోనే చూపించారు. కానీ ఏ కంప్యూటరూ విప్పలేని పద్ధతి ఒకటుంది. దానికి కావలసింది కాగితం, పెన్సిలు, ఒకటో తరగతి కూడికలు. అదెలా సాధ్యమో, మరి అంత గట్టి పద్ధతి వాడినవాళ్ళు ఎలా దొరికిపోయారో చూద్దాం.

మేళకర్త రాగాల పేర్లలో ఉన్నది రహస్యమేనా?

అక్షరాలను అంకెలుగా మార్చడం మనకు కొత్త కాదు. కర్ణాటక సంగీతంలో 'మేచకళ్యాణి' పేరు తీసుకోండి. కటపయాది లెక్కలో మ అంటే 5, చ అంటే 6. కలిపితే 56, తిరగేస్తే 65. అది 65వ మేళకర్త. 'ధీరశంకరాభరణం'లో ధ అంటే 9, ర అంటే 2. తిరగేస్తే 29. పేరులోనే నంబరు ఉంది. కానీ ఇది రహస్యం కాదు. సూత్రం తెలిసిన ఎవరైనా చదివేస్తారు.

రహస్యలిపిలో ఇంకోటి కావాలి, అదే కీ, అంటే తాళంచెవి. 1883లో ఆగస్ట్ కెర్క్‌హాఫ్స్ అనే భాషావేత్త చెప్పిన నియమం ఈనాటికీ చెల్లుతుంది: పద్ధతి మొత్తం శత్రువుకు తెలిసిపోయినా, కీ తెలియనంతవరకు సందేశం భద్రంగా ఉండాలి. తాళం ఏ కంపెనీదో దొంగకు తెలిస్తే నష్టం లేదు, తాళంచెవి దొరక్కూడదు అన్నమాట.

ఇక్కడ రెండు మాటలు తరచుగా కలగాపులగం అవుతాయి. కోడ్ అంటే మొత్తం మాటకో భావానికో బదులుగా ఒక సంఖ్య పెట్టడం. దానికి నిఘంటువు లాంటి కోడ్ పుస్తకం కావాలి. సైఫర్ అంటే అక్షరాల మీద, అంకెల మీద పనిచేసేది. గూఢచార సంస్థలు తరచుగా రెండింటినీ ఒకదాని మీద ఒకటి వేసేవి.

మొదటి మెట్టు: తెలుగు మాట అంకెలవడం

ఉదాహరణకు తెలుగుకు సరిపోయేలా నేనొక పట్టిక కట్టాను. అక్షరాన్ని హల్లుగా, అచ్చుగా విడదీసుకోవాలి. 'రే' అంటే ర, ఏ. 'బ్బు' అంటే బ, బ, ఉ. ఎక్కువగా వస్తాయనుకున్న ఏడింటికి ఒక్కో అంకె ఇచ్చాను, మిగతావాటికి రెండేసి.

అ 0, ఇ 1, ఉ 2, న 3, ర 4, ల 5, త 6

ఆ 70, ఈ 71, ఊ 72, ఎ 73, ఏ 74, ఒ 75, ఓ 76, ఐ 77, ఔ 78, సున్న (ం) 79

క 80, గ 81, చ 82, జ 83, ట 84, డ 85, ణ 86, ద 87, ప 88, బ 89

మ 90, య 91, వ 92, శ 93, ష 94, స 95, హ 96, ళ 97, వాక్యం ముగింపు 98, ఇక్కడి నుంచి సంఖ్య 99

ఖ, ఘ, భ లాంటివాటిని క, గ, బ లతో సరిపెట్టుకోవాలి. 'బార్య' అని రాసినా 'భార్య' అనే అర్థమవుతుంది.

ఒంటి అంకెలూ జంట అంకెలూ కలిసిపోతే చదివేవారికి ఎక్కడ తెగ్గొట్టాలో ఎలా తెలుస్తుంది? 7, 8, 9 ఎక్కడా ఒంటరిగా అక్షరానికి గుర్తు కావు. ఆ మూడింట్లో ఏది కనబడినా పక్క అంకెను కూడా కలిపి చదవాలి. మిగతా ఏ అంకైనా దానంతటదే ఒక అక్షరం. ఈ అమరికను స్ట్రాడ్లింగ్ చెకర్‌బోర్డ్ అంటారు. సందేశం పొట్టిదవుతుంది కాబట్టి రేడియో మీద పంపే సమయం తగ్గుతుంది. రేడియో దగ్గర ఎక్కువసేపు కూర్చున్న గూఢచారి పట్టుబడే అవకాశం ఎక్కువ. అందుకే ఈ పొదుపు.

'రేపు రాకు' అన్న సందేశం తీసుకుందాం. ర 4, ఏ 74, ప 88, ఉ 2, ర 4, ఆ 70, క 80, ఉ 2. చివర వాక్యం ముగింపు 98. అయిదేసి గుంపులు నిండడానికి మరొక 0.

47488 24708 02980

ఇక్కడితో ఆగితే రహస్యం చాలా బలహీనం. ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టేవాళ్ళు కాసేపట్లోనే పట్టేస్తారు. అసలు తాళం పడేది తర్వాతి మెట్టులో.

రెండో మెట్టు: చేతిలో ఒకటి మిగల్చని కూడిక

పంపేవారి దగ్గర, అందుకునేవారి దగ్గర ఒకే రకం చిన్న పుస్తకాలుంటాయి. పేజీ నిండా ఏ క్రమమూ లేని అంకెలు. ప్రపంచంలో ఆ పుస్తకానికి ప్రతులు ఆ రెండే. ఒక పేజీని ఒక్కసారే వాడి, వెంటనే కాల్చేయాలి. దీన్ని వన్-టైమ్ ప్యాడ్ అంటారు. 1882లో ఫ్రాంక్ మిల్లర్ అనే అమెరికన్ బ్యాంకరు టెలిగ్రాముల కోసం ఈ ఆలోచన ప్రచురించారు. 1920ల నుంచి దౌత్య కార్యాలయాలు వాడటం మొదలుపెట్టాయి.

మన పేజీలో ఉన్నవి 61935 20874 39516 అనుకుందాం. వీటిని సందేశం కింద రాసి అంకెకు అంకె కూడాలి. బడిలో అయితే పది దాటినప్పుడు చేతిలో ఒకటి ఉంచుకుని పక్క వరుసకు కలిపేవాళ్ళం. ఇక్కడ ఆ ఒకటిని వదిలేయాలి. 8, 5 కలిపితే 13 కాదు, 3.

సందేశం: 47488 24708 02980

కీ: 61935 20874 39516

పంపేది: 08313 44572 31496

అందుకున్నవారు అదే పేజీ తీసి, అప్పు తెచ్చుకోకుండా తీసివేస్తారు. 0 లోంచి 6 పోదు కాబట్టి 10 అనుకుని తీస్తే 4. అలా వరసగా చేస్తే 47488 తిరిగి వస్తుంది, పట్టిక చూస్తే 'రేపు రాకు'. వదిలేసిన ఆ ఒకటి చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, దానివల్లే ఏ అంకె పొరపాటు ఆ అంకె దగ్గరే ఆగుతుంది, పక్కదానికి పాకదు.

ఎంత పెద్ద కంప్యూటరైనా ఎందుకు విప్పలేదు?

నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా అబ్బురంగా అనిపించేది ఇదే. శత్రువు చేతికి 08313 44572 31496 చిక్కింది, పట్టిక కూడా తెలుసు. సాధ్యమైన కీలన్నీ ఒక్కొక్కటే వేసి చూశాడు. ఒక కీ దగ్గర 'రేపు రాకు' కనబడుతుంది. మరి 61935 20873 14445 అనే కీ వేస్తే?

08313 44572 31496 లోంచి దాన్ని తీసివేస్తే 47488 24709 27051 వస్తుంది. పట్టికలో చూడండి: ర, ఏ, ప, ఉ, ర, ఆ, వ, ఆ, ల, ఇ. 'రేపు రావాలి'!

అవే అంకెల నుంచి పూర్తిగా ఎదురు అర్థం. రెండు కీలలో ఏది అసలుదో చెప్పడానికి శత్రువు దగ్గర ఏ ఆధారమూ లేదు. పదిహేను అంకెల్లో పట్టే ప్రతి సందేశానికీ సరిపోయే కీ ఒకటి ఉంటుంది. కీలను నిజంగా యాదృచ్ఛికంగా తీసి ఉంటే అన్నిటికీ సమాన అవకాశం. వేయి కంప్యూటర్లు వేయి ఏళ్ళు వెతికినా సాధ్యమైన సందేశాలన్నీ దొరుకుతాయి తప్ప అసలుది ఏదో తేలదు. క్వాంటమ్ కంప్యూటరుకూ ఇదే గతి, ఎందుకంటే ఇక్కడ విప్పడానికి కష్టమైన లెక్కంటూ ఏదీ లేదు, సమాచారమే లేదు. అమెరికన్ గణితవేత్త క్లాడ్ షానన్ 1949లో ప్రచురించిన పరిశోధనాపత్రంలో దీన్ని గణితపరంగా నిరూపించారు.

'నిజంగా యాదృచ్ఛికం' అన్న మాటను తేలిగ్గా తీసుకోకూడదు. మనసుకు తోచిన అంకెలు రాస్తూ పోతే ఒకే అంకెను వెంటవెంటనే రాయడానికి చెయ్యి రాదు. కానీ నిజమైన యాదృచ్ఛిక వరుసలో సగటున పదింట ఒక అంకె తన ముందున్నదాన్నే పోలి ఉంటుంది. పైన 14445లో మూడు నాలుగులు పక్కపక్కన వచ్చాయి. మనిషి అలాంటిది చూసి 'ఇదేదో బాగాలేదు' అని మార్చేస్తాడు. ఆ మార్పే శత్రువుకు ఆధారం.

ఒకే పేజీ రెండుసార్లు వాడితే

రెండో ప్రపంచయుద్ధం మధ్యలో, 1942లో, సోవియట్ యూనియన్‌లో ప్యాడ్‌లు తయారుచేసేవారు 35,000కు పైగా పేజీలకు అదనపు ప్రతులు తీశారు. ఒకే పేజీ వేర్వేరు కార్యాలయాల పుస్తకాల్లోకి చేరింది. ఆ చిన్న తప్పు ఎంత పెద్దదో మన లెక్కలోనే చూడవచ్చు.

'డబ్బు అందింది' అనే ఇంకో సందేశాన్ని అదే పేజీతో పంపారనుకుందాం. దాని మొదటి అయిదు అంకెలు 85089. అదే 61935 కలిపితే 46914. ఇప్పుడు శత్రువు దగ్గర రెండు గుంపులున్నాయి: 08313, 46914. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసివేస్తే 62409. రెండింటిలోనూ కీ ఒకటే కాబట్టి తీసివేతలో అది ఎగిరిపోయింది. మిగిలింది రెండు అసలు సందేశాల మధ్య తేడా మాత్రమే.

ఇక ఊహ మొదలవుతుంది. మొదటి సందేశం 'రేపు'తో మొదలై ఉంటుందా? అయితే 47488. దాంట్లోంచి 62409 తీసేస్తే 85089. పట్టికలో డ, అ, బ. 'డబ' అని రాగానే 'డబ్బు' అని స్ఫురిస్తుంది. 'డబ్బు' సరైనదైతే అది మొదటి సందేశంలో తర్వాతి అంకెలను ఇస్తుంది. ఇలా ఒకదాన్ని పట్టుకుని ఇంకోటి, నూతిలోంచి చేద తోడినట్టు, రెండూ పైకొస్తాయి.

అమెరికా సైన్యం 1943 ఫిబ్రవరిలో వర్జీనియాలోని ఆర్లింగ్టన్ హాల్‌లో మొదలుపెట్టిన పని ఇదే. తర్వాత దానికి వెనోనా అన్న పేరొచ్చింది. వాళ్ళకు ఎదురైంది మన ఉదాహరణంత సులువు కాదు. సోవియట్లు ముందు కోడ్ పుస్తకంతో మాటలను సంఖ్యలు చేసి, ఆ పైన ప్యాడ్ కలిపేవారు. కాబట్టి ప్యాడ్ ఊడినా కింద కోడ్ మిగిలి ఉండేది. మెరెడిత్ గార్డ్‌నర్ వంటి భాషావేత్తలు ఆ కోడ్ పుస్తకాన్ని ఒక్కో మాటగా తిరిగి కట్టారు. 1980 దాకా సాగిన ఆ శ్రమలో దాదాపు 3,000 సందేశాలు పూర్తిగానో కొంతగానో తేలాయి. అణుబాంబు రహస్యాలు అందించిన క్లాస్ ఫుక్స్ జాడ వాటిలోంచే దొరికింది. పేజీని ఒక్కసారే వాడిన సందేశాలు మాత్రం ఈనాటికీ అంకెలుగానే ఉన్నాయి.

పుస్తకం లేకుండా, జ్ఞాపకంతో: నాణెంలోని పద్ధతి

ప్యాడ్‌తో గూఢచారికి పెద్ద చిక్కు ఒకటుంది: అది వస్తువు. సోదాలో దొరికితే సంజాయిషీ ఉండదు. కాబట్టి ఏమీ దాచుకోకుండా, బుర్రలో పెట్టుకున్న నాలుగు విషయాల నుంచే ప్రతిసారీ కొత్త కీ పుట్టించుకునే పద్ధతి మాస్కో తయారుచేసింది. నాణెంలో ఉన్నది అదే.

1957 మేలో రైనో హైహానెన్ అనే సోవియట్ గూఢచారి పారిస్‌లోని అమెరికా ఎంబసీకి వెళ్ళి లొంగిపోయాడు. స్వదేశానికి వెనక్కి రమ్మన్న ఆజ్ఞ అతన్ని భయపెట్టింది. అతను గుర్తుపెట్టుకున్నవి నాలుగు: 'మంచు కురవడం' అనే అర్థమున్న రష్యన్ మాట స్నెగొపాద్, ఒక జనాదరణ పొందిన పాటలో ఒక పాదం, జపాన్ మీద గెలుపుకు గుర్తుగా సోవియట్లు జరుపుకున్న 3-9-1945 తేదీ, తన సొంత సంఖ్య 13. రష్యన్‌లో ఆ మంచు మాటలోని మొదటి ఏడు అక్షరాలకే ఒంటి అంకెలు, మిగతావాటికి జంటలు. పైన తెలుగుకు నేను కట్టిన ఏడు, ముప్ఫై అమరిక దాన్ని చూసి నేర్చుకున్నదే.

అంకెలు పుట్టించే చిట్కా తెలుసుకోదగ్గది. పై తేదీలోని మొదటి అయిదు అంకెలను 39194 అని రాసి, పక్కపక్క అంకెలను కూడి, పదులు వదిలేసి చివర చేర్చుకుంటూ పోవాలి. 3, 9 కలిపితే 2. 9, 1 కలిపితే 0. 1, 9 కలిపితే 0. 9, 4 కలిపితే 3. తర్వాత 4, కొత్తగా వచ్చిన 2 కలిపితే 6. అలా 39194 20036 20398 అని ఎంత కావాలంటే అంత సాగుతుంది. పైకి యాదృచ్ఛికంలా కనిపిస్తుంది గానీ కాదు, అయిదు అంకెలు తెలిస్తే మొత్తం తెలిసిపోతుంది. అందుకే హైహానెన్ పద్ధతిలో ఈ అంకెలను సందేశానికి కలపరు. వాటిని బట్టి పట్టికను అమర్చి, సందేశంలోని అంకెల స్థానాలను రెండుసార్లు తారుమారు చేస్తారు. మొదలూ చివరా శత్రువు ఊహించకుండా సందేశాన్ని ఏదో ఒకచోట విరిచి వెనక భాగాన్ని ముందుకు తెస్తారు. ఈ సైఫర్‌కు తర్వాత విక్ అన్న పేరు స్థిరపడింది.

అతని మాటల ఆధారంగా ఎఫ్‌బీఐ నాణెంలోని అంకెలను విప్పింది. అది హైహానెన్‌కే రావలసిన ఉత్తరం. అమెరికాకు క్షేమంగా చేరినందుకు అభినందనలు, డబ్బు ఏర్పాటు, ఇంట్లో అందరూ కులాసా, ప్యాకెట్ మీ భార్యకు స్వయంగా అందజేశాం. మధ్యలో ఒక వాక్యం: మీకు గామాలు పంపడానికి ఇంకా తొందర. రష్యన్ రహస్యలిపి పరిభాషలో గామా అంటే సందేశానికి కలిపే అంకెల వరుస. అంటే ప్యాడ్‌లు రావలసి ఉన్నాయి, అందాకా జ్ఞాపకంతో నెట్టుకురమ్మని.

హైహానెన్ ఇచ్చిన వివరాలతో 1957 జూన్‌లో అతని పై అధికారి న్యూయార్క్‌లో దొరికాడు. రుడాల్ఫ్ ఏబెల్ అని చెప్పుకున్న అతని అసలు పేరు విల్యమ్ ఫిషర్. 1962 ఫిబ్రవరి 10న బెర్లిన్ దగ్గరి గ్లీనికే వంతెన మీద, సోవియట్లు కూల్చిన అమెరికా నిఘా విమానం యూ-2 పైలట్ గ్యారీ పవర్స్‌కు బదులుగా అతన్ని అప్పగించారు. గమనించవలసింది ఏమిటంటే, విక్ సైఫర్ గణితానికి లొంగలేదు, దాన్ని వాడిన మనిషి నోరు విప్పాక తేలింది.

కాగితం మిగిలిపోవడం ఇంకెంత ప్రమాదమో తలుచుకుంటే నూర్ ఇనాయత్ ఖాన్ గుర్తొస్తారు. టిప్పు సుల్తాన్ వంశీకురాలు, బ్రిటన్ తరఫున 1943 జూన్‌లో జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌కు వెళ్ళిన వైర్‌లెస్ ఆపరేటర్. అక్టోబరులో పట్టుబడినప్పుడు, ఆమె పంపిన సందేశాలు రాసిపెట్టుకున్న నోట్‌బుక్ కూడా జర్మన్లకు దొరికింది. దాని సాయంతో వాళ్ళు ఆమె పేరుతో లండన్‌కు సందేశాలు పంపారు. ఆమె మాత్రం విచారణలో పెదవి విప్పలేదు. 1944 సెప్టెంబరులో డహావ్ నిర్బంధ శిబిరంలో కాల్చి చంపారు. వయసు ముప్ఫై.

యాప్‌లు ఉండగా ఇంకా పెన్సిలెందుకు?

దీనిమీద రెండు వాదనలున్నాయి, రెండింట్లోనూ బలముంది.

చేతి లెక్కను సమర్థించేవారు ముందు చెప్పేది, హ్యాక్ చేయడానికి పరికరమే లేదని. రెండోది రేడియో. షార్ట్‌వేవ్‌లో ఒక గొంతు అంకెలు చదువుతూ పోతే అది దేశదేశాలకూ వినిపిస్తుంది, ఎవరు రాసుకుంటున్నారో ఎవరికీ తెలియదు. ఫోన్‌లో అయితే సందేశం లోపల ఏముందో దాగినా, ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్నది ఎక్కడో ఒకచోట నమోదవుతుంది. ఇలాంటి అంకెల స్టేషన్లు ప్రచ్ఛన్నయుద్ధం తర్వాత కూడా వినిపిస్తూనే ఉన్నాయి.

అటువైపు వాదన ప్యాడ్ రవాణాతో మొదలవుతుంది. వేయి అంకెల సందేశానికి వేయి అంకెల కీని ముందే చేతికి అందించాలి. కోట్లమంది రోజూ మాట్లాడుకునే చోట అది కుదరదు. ఇంకో లోపం చాలామందికి తెలియదు: ప్యాడ్ సందేశాన్ని దాస్తుంది గానీ, మార్చకుండా కాపాడలేదు. మన 'రేపు రాకు' అసలు మాట శత్రువుకు ఎలాగో తెలిసిందనుకోండి. కీ తెలియకపోయినా, దారిలో 44572ను 44573గా, 31496ను 56567గా మార్చి పంపితే చాలు. అందుకున్నవారు సరైన పేజీతోనే తీసివేసినా 24709, 27051 వస్తాయి. 'రేపు రావాలి' అని చదువుకుని బయల్దేరతారు. నేటి యాప్‌లు ఇలాంటి మార్పును పసిగట్టేలా కట్టినవి. నా దృష్టిలో మామూలు జనానికి యాప్‌లే సరైనవి. నెలకో పొట్టి ఆజ్ఞ అందుకునే ఒంటరి మనిషికి మాత్రం పెన్సిలును మించినది ఇంకా రాలేదు.

రెండింటినీ కలపబోయినప్పుడు ఏమవుతుందో క్యూబా కేసు చూపిస్తుంది. 'అతెన్సియోన్' అంటూ స్పానిష్‌లో మొదలయ్యే స్టేషన్ నుంచి ఒక స్త్రీ గొంతు అంకెలు చదివేది. అమెరికా రక్షణ గూఢచార సంస్థలో పనిచేస్తూ క్యూబాకు సమాచారం అందించిన ఆనా మోంటెస్ వాటిని విని, పెన్సిలుకు బదులు ల్యాప్‌టాప్‌లో విప్పుకునేవారు. పని అయ్యాక డిస్క్‌ను పూర్తిగా తుడిచే ప్రోగ్రామ్ నడపమని ఆమెకు సూచన ఉంది. ఆమె లేనప్పుడు ఎఫ్‌బీఐ ఇంట్లోకి వెళ్ళి డిస్క్ నకలు తీసి చూస్తే, పోయాయనుకున్న మాటలు అందులో దొరికాయి. 2001 సెప్టెంబరు 21న అరెస్టు, తర్వాతి ఏడాది 25 ఏళ్ళ శిక్ష.